కారకుడు, బాధ్యుడు, జవాబుదారీ

ఆంగ్లభాషలో ‘రెస్పాన్సిబుల్’ అనే విశేషణం నిత్యవ్యవహారంలో ఎంత తరచుగా వినిపిస్తుందో, తెలుగులోకి వచ్చేటప్పుడు అంత తరచుగా దారి తప్పుతుంది. నిఘంటువు తెరిచినవారికి మొదట దొరికే అర్థం ‘బాధ్యత గల’ అన్నది. ఆ ఒక్క మాటతోనే అన్ని చోట్లా పని జరుపుకోవాలనుకోవడం వల్ల చిక్కు ఏర్పడుతుంది. ఆంగ్లంలో ఒకే పదంలో ఇమిడి ఉన్న అర్థాలను తెలుగు వేర్వేరు మాటలకు పంచి ఇచ్చింది. ఒక దుర్ఘటనను గురించి రాసేటప్పుడు ఈ మాటల ఎంపికలో పొరపాటు జరిగితే నిరపరాధి మీద నింద పడుతుంది, లేదా దోషి తప్పించుకుంటాడు.

‘రెస్పాన్సిబుల్’ లాటిన్ మూలం గల పదం. లాటిన్‌లో ‘రెస్పాన్‌డేరే’ అంటే బదులు చెప్పడం. దానిలోని ‘స్పాన్‌డేరే’ అనే క్రియకు మాట ఇవ్వడం, పూచీపడటం అని అర్థం. ‘స్పాన్సర్’ కూడా ఈ కుదురు నుంచి పుట్టినదే. కాబట్టి ఆంగ్లపదం అడుగున ఉన్న భావం ‘బదులు చెప్పవలసినవాడు’ అన్నది. తెలుగులో దీనికి నేరుగా సరిపోయే మాట ‘జవాబుదారీ’. అరబ్బీ నుంచి వచ్చిన ‘జవాబు’కు పారశీక ప్రత్యయం ‘దార్’ చేరి ఏర్పడిన ఆ మాట ఉర్దూ ద్వారా కచేరీలలోకి, అక్కడి నుంచి ఇళ్లలోకి నడిచి వచ్చింది. బైబిలు అనువాదంలో కనిపించే ‘ఉత్తరవాది’ కూడా ఇదే భావాన్ని సంస్కృత పదాలతో చెబుతుంది. ‘బాధ్యత’ పుట్టుక వేరు. సంస్కృతంలో ‘బాధ్’ ధాతువుకు ఒత్తిడి చేయడం, పీడించడం అని అర్థం. ‘బాధ’ అనే మాట దాని నుంచి వచ్చినదే. బాధ్యుడంటే ఆ ఒత్తిడికి లోబడవలసినవాడు, కట్టుబడక తప్పనివాడు. జవాబుదారీ నోటికి సంబంధించినదైతే, బాధ్యత భుజానికి సంబంధించినది.

ఆంగ్లంలో ఈ విశేషణం తర్వాత ‘ఫర్’ వచ్చినప్పుడు అది చాలా చోట్ల కేవలం కారణాన్ని సూచిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఆ తుఫాను వేలమంది మరణానికి ‘రెస్పాన్సిబుల్’ అని ఆంగ్లంలో రాస్తే తప్పులేదు. దానినే ‘వేలమంది మరణానికి తుఫాను బాధ్యత వహించింది’ అని తెలిగిస్తే చదివేవారికి నవ్వు వస్తుంది. అటువంటి చోట నవ్వు పుట్టించడం మృతులకు అవమానం. ‘తుఫాను వేలమందిని బలిగొంది’ అనడమే తెలుగు. బాధ్యత అనే మాటకు మనస్సు గల కర్త కావాలి. పిడుగు, కరవు, దోమ కారణాలు కాగలవే తప్ప బాధ్యులు కాలేవు. మలేరియా వ్యాప్తికి దోమ కారణం. మురుగునీరు నిలవ ఉంటే చూసి ఊరుకున్న పురపాలక సంఘం బాధ్యత వహించాలి. ఆంగ్లవాక్యం ఈ రెండింటినీ ఒకే పదంతో చెప్పి ఊరుకోగలదు. తెలుగు అట్లా ఊరుకోనివ్వదు. ఇది తెలుగుకు లోపమని కొందరు అనుకోవచ్చు గాని, నిజానికి ఇది ఈ భాషకు ఉన్న మేలు.

కర్త మనిషి అయినప్పుడు చిక్కు మరింత సూక్ష్మమవుతుంది. ఒక ఉద్యోగిని లెక్కలకు ‘రెస్పాన్సిబుల్’ అంటే లెక్కలు చూడటం ఆమె విధి అని అర్థం. లెక్కలలోని తప్పుకు ‘రెస్పాన్సిబుల్’ అంటే ఆ తప్పు ఆమెదని అర్థం. వాక్యనిర్మాణం ఒకటే. మొదటిదానిని ‘లెక్కల బాధ్యత ఆమెది’ అని, రెండవదానిని ‘ఆ తప్పు ఆమె వల్ల జరిగింది’ అని విడదీయవలసి ఉంటుంది. ఆంగ్లంలో విశేషణం నిలిచే స్థానం కూడా అర్థాన్ని మారుస్తుంది. ‘ఎ రెస్పాన్సిబుల్ ఆఫీసర్’ అని నామవాచకానికి ముందు నిలిపితే విధి ఎరిగినవాడు, నమ్మదగినవాడు. ‘ది ఆఫీసర్ రెస్పాన్సిబుల్’ అని వెనుక నిలిపితే ఆ పనికి లేదా ఆ పొరపాటుకు సంబంధించిన అధికారి. తెలుగులో విశేషణం ముందే వస్తుంది గనుక ఈ భేదాన్ని ప్రత్యయాలు మోయాలి. ‘బాధ్యత గల అధికారి’కి మెప్పు దక్కుతుంది. ‘బాధ్యుడైన అధికారి’ని సంజాయిషీ అడుగుతారు.

‘ఫర్’ బదులు ‘టు’ వచ్చినప్పుడు పదం తన లాటిన్ మూలానికి దగ్గరవుతుంది. అప్పుడు అర్థం ‘ఎవరికి బదులు చెప్పాలి’ అన్నదే. భారత రాజ్యాంగం 75వ అధికరణం మూడవ ఖండం ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. 164వ అధికరణం రాష్ట్రాలలో శాసనసభకు సంబంధించి ఇదే నియమాన్ని చెబుతుంది. ఈ అర్థానికి రాజ్యాంగం కంటే పాత చరిత్ర ఉంది. 1917 ఆగస్టు 20న భారత వ్యవహారాల మంత్రి మాంటేగు బ్రిటిష్ కామన్స్ సభలో చేసిన ప్రకటనలో, భారతదేశంలో క్రమక్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం నెలకొనాలన్న లక్ష్యం వినిపించింది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు నిజాం రాజ్యంలో కోరినది కూడా ఇదే. ‘బాధ్యతాయుతం’ అంటే శ్రద్ధగా పనిచేసేది అని ఇక్కడ అర్థం కాదు. ఎంత శ్రద్ధగల పాలకుడైనా, ప్రజాప్రతినిధుల సభకు బదులు చెప్పనక్కరలేనప్పుడు అతని ప్రభుత్వం ఈ అర్థంలో బాధ్యతాయుతం కాదు. ఈ సంగతి గుర్తించని విద్యార్థికి ఆనాటి ఉద్యమకారులు కేవలం మంచి పరిపాలన అడిగారన్న భ్రమ కలుగుతుంది. వారు అడిగినది నిలదీసే హక్కు.

ఒకే సంఘటనలో ఈ అర్థాలన్నీ ఎదురుపడిన సందర్భం 1956లో వచ్చింది. ఆ సెప్టెంబరులో, అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న మహబూబ్‌నగర్ సమీపాన వంతెన కూలి రైలు ప్రమాదానికి గురికాగా వందమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోగా ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద మరొక ఘోరప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామాను నెహ్రూ అంగీకరించారు. ప్రమాదానికి శాస్త్రి ఏ విధంగానూ కారకుడని కాక, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణగా ఉండటానికే అంగీకరిస్తున్నట్లు ఆయన పార్లమెంటుకు తెలిపారు. శాస్త్రి వంతెన కట్టలేదు, రైలు నడపలేదు. కారణం అన్న అర్థంలో ఆయనకు ఆ ప్రమాదంతో సంబంధం లేదు. సభకు జవాబు చెప్పవలసిన స్థానంలో మాత్రం ఆయనే ఉన్నారు. ఈ ఘట్టాన్ని తెలుగులో రాసేవారు ‘ప్రమాదానికి శాస్త్రి కారకుడు’ అంటే అసత్యమవుతుంది. ‘ప్రమాదానికి శాస్త్రి నైతిక బాధ్యత వహించారు’ అంటే సత్యమవుతుంది. ఆ ‘నైతిక’ అన్న చిన్న మాటను అలంకారమని తీసివేయరాదు.

పత్రికలలో స్థిరపడిన మరొక ప్రయోగం ఇంత నిర్దోషంగా లేదు. బాంబుదాడి జరిపిన ముఠా ఆ పని తమదేనని చాటుకున్నప్పుడు, ఆంగ్ల వార్తను అనుసరించి ‘దాడికి బాధ్యత వహిస్తున్నట్లు ప్రకటించింది’ అని రాస్తున్నారు. తెలుగులో బాధ్యత వహించడమన్నది గౌరవం ధ్వనించే మాట. ఇంటి పెద్ద కుటుంబ బాధ్యత వహిస్తాడు, మంత్రి శాఖ బాధ్యత వహిస్తాడు. హంతకుడి ప్రగల్భానికి అదే మాట వాడటం ఉచితం కాదు. ‘ఆ దాడి తమ పనేనని ప్రకటించింది’ అంటే చాలు.

వాహనాలు నిలిపే స్థలాలలో, వసతిగృహాలలో ‘మీ విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బల్లలు కనిపిస్తాయి. వస్తువు పోతే సొమ్ము చెల్లించబోమని దాని భావం. ఈ అర్థానికి తెలుగులో ‘పూచీ’ అనే చక్కని మాట ఉంది. అప్పుపత్రాలలోనూ, కోర్టు జామీనులలోనూ పూచీకత్తుగా అది నేటికీ నిలిచి ఉంది. ‘మీ వస్తువులకు మా పూచీ లేదు’ అన్న వాక్యం బల్ల మీద చోటు తక్కువ తీసుకుంటుంది, చదివినవానికి వెంటనే తన సంచీని చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది.