నదిని ఇంజిన్ గుమ్మం దాటనివ్వకండి

1977లో సర్ ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ పడవలతో గంగాసాగర్ నుంచి గంగకు ఎదురెక్కారు. కలకత్తా, పట్నా, కాశీ, ప్రయాగ, హరిద్వార్ దాటి నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా ఆ పడవలు వెళ్లాయి. గోదావరి మీద లాంచీలు చూస్తూ పెరిగి, బతుకుతెరువుకు ఫరీదాబాద్ చేరిన నాలాంటివాడికి అది మరపురాని యాత్ర. న్యూజిలాండ్‌లో గొర్రెల పెంపకం చేసుకునే బిల్ హామిల్టన్ 1950లలో ఈ పడవకు రూపమిచ్చాడు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మడమే దీని పని. బయట తిరిగే పంకా లేదు కాబట్టి మోకాలిలోతు నీళ్లలోనూ పోతుంది.

ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్‌లలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజుల్లో పడవ కట్టే తెలుగు పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. పంపు గురించి, పడవ ఒడలు (హల్) గురించి గంటలకొద్దీ అడుగుతారు. ఇంజిన్‌ను చల్లబరిచే ఏర్పాటు దగ్గరికి వచ్చేసరికి, "నది మీదే ఉంటాం కదా బాబాయ్, నీళ్లకేం కరువు?" అంటారు. నీళ్లకు కరువుండదు, నిజమే. కానీ పడవను తోసే నీరే ఇంజిన్‌నూ చల్లబరచాలి. ఆ నీటితో పాటు నదిలో ఉన్నదంతా లోపలికి వస్తుంది. చిక్కంతా అక్కడే. వాళ్ల కోసం, వాళ్లలాంటి మరికొందరి కోసం ఇవి రాసి పెడుతున్నాను.

1. ఇంజిన్ కొనకముందే నీటిని తెలుసుకోండి.

ఢిల్లీలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా యమున పొడవు 22 కిలోమీటర్లే. మొత్తం నదిలో రెండు శాతం కూడా కాదు. కానీ ఆ ముక్కలో కలిసే మురుగు నది తీరునే మార్చేస్తుంది. నీటిలో అమ్మోనియా సుమారు 1 పీపీఎం దాటితే వజీరాబాద్, చంద్రావల్ నీటిశుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకోవలసి వస్తుందని ఢిల్లీలో పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. ఆ అమ్మోనియా ఇత్తడికి శత్రువు. గట్టిగా బిగించిన ఇత్తడి ఫిట్టింగు బయటికి మెరుస్తూనే ఉంటుంది, లోపల సన్నని పగులు పాకుతుంది. అందుకే నది నీరు తగిలే చోట ఇత్తడి వాడొద్దంటాను. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, మంచి రబ్బరు గొట్టం గానీ పెట్టండి. హీట్ ఎక్స్ఛేంజర్‌లో రాగి-నికెల్ గొట్టాలుంటే అవి ఇత్తడి కన్నా బాగా తట్టుకుంటాయి.

కాళింది కుంజ్ దగ్గర ఛఠ్ పండుగ రోజుల్లో తెల్లగా పేరుకునే నురుగు ఫొటోలు అందరూ చూసే ఉంటారు. పడవవాడికి అది మరో రకం ప్రమాదం. నురుగంటే గాలి. జెట్ పంపు గాలి మింగితే పట్టు తప్పుతుంది. తోపూ పోతుంది, దాంతో పాటే ఇంజిన్‌కు వెళ్లే నీరూ పోతుంది. పంకా పడవలో పంకా ఆగినా ఇంజిన్‌కు నీళ్లిచ్చే పంపు వేరేగా తిరుగుతుంది, మనకు ఆ భాగ్యం లేదు.

గఢ్ముక్తేశ్వర్ దగ్గర బ్రిజ్‌ఘాట్ కూడా జాతీయ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) లోపలిదే. అక్కడి గంగ నీరు ఎంతో మెరుగు, కానీ ఇసుక. లోతు తక్కువ చోట పోగలగడం జెట్ పడవ గొప్ప, ఇసుక పీల్చడం ఆ గొప్పకు కట్టే మూల్యం.

2. నది నీటిని ఇంజిన్ లోపలికి పంపకండి.

దీన్ని పెద్దక్షరాలతో రాసి షెడ్డు గోడకు అంటించుకోండి. పంపు నుంచి ఒక గొట్టం తీసి నేరుగా ఇంజిన్ బ్లాక్‌లోకి కలిపేయడం అన్నిటికన్నా చవక, సులువు. చాలామంది చేసేదీ అదే. మాయాపురిలో దొరికే మారుతి జిప్సీ 1298 సీసీ ఇంజిన్ ఇక్కడి కుర్రాళ్లకు ఇష్టం; తేలిక, విడిభాగాలు కశ్మీరీ గేట్‌లో ఎప్పుడూ దొరుకుతాయి. దాని బ్లాకూ హెడ్డూ అల్యూమినియం. మురుగు నీరు, ఇసుక అందులో తిరిగితే హెడ్ గ్యాస్కెట్ అంచుల దగ్గర లోహం తినేసిపోతుంది. ఆ నష్టం హెడ్ విప్పేదాకా కనబడదు.

కాబట్టి రెండు దారులు పెట్టండి. ఇంజిన్ లోపల మంచి కూలెంట్ మూసిన వలయంలో తిరగాలి. నది నీరు హీట్ ఎక్స్ఛేంజర్‌లో పక్కపక్కనే పారుతూ వేడిని తీసుకుని బయటికి పోవాలి. రెండూ కలవకూడదు.

3. కారు లెక్క ఇక్కడ పనికిరాదు.

"కారు రేడియేటరే పెట్టేస్తే పోదా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. కారు చదును రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు ఇంజిన్ తన శక్తిలో కొంతే వాడుతుంది, పైగా ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. జెట్ పడవలో థ్రాటిల్ పూర్తిగా తెరిచారంటే ఇంజిన్ పూర్తి శక్తి ఇస్తూనే ఉండాలి, వాలు వచ్చి ఊపిరి పీల్చుకునే అవకాశం లేదు. మే నెలలో ఇక్కడి గాలి 45 డిగ్రీలు. మూత వేసిన ఇంజిన్ గదిలో అంతకన్నా ఎక్కువ.

లెక్క చేతితోనే వేసుకోవచ్చు. పెట్రోలు మండగా వచ్చే వేడిలో సుమారు మూడో వంతు పొగతో పోతుంది, దాదాపు అంతే కూలెంట్‌లోకి వెళ్తుంది, మిగిలిందే పని చేస్తుంది. అంటే ఇంజిన్ 40 కిలోవాట్లు ఇస్తుంటే కూలెంట్ నుంచి తీసేయవలసిన వేడి కూడా ఇంచుమించు 40 కిలోవాట్లు. లీటరు నీరు ఒక డిగ్రీ పెరగడానికి 4.18 కిలోజౌళ్లు కావాలి. నది నీరు 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలంటే నిమిషానికి 29 లీటర్లు పారాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ నీటి జాకెట్టు ఉంటే దాని వేడీ కలపాలి. నేనైతే ఆ అంకెకు రెట్టింపు పెట్టుకుంటాను, ఎందుకంటే జూన్‌లో నది నీరే ముప్పై డిగ్రీలు దాటి ఉంటుంది, జల్లెడ సగం మూసుకుపోయి ఉంటుంది. ఒక బకెట్టు, ఒక గడియారం ఉంటే చాలు. బయటికి పడే నీటిని పట్టి కొలవండి. నమ్మకంగా చెప్పే లెక్క అదొక్కటే.

4. ఐడిల్ కోసం గొట్టం, ఫుల్ థ్రాటిల్ కోసం అడ్డు.

జెట్ పంపు ఒత్తిడి వేగంతో పాటు ఎగబాకుతుంది. ఐడిల్‌లో గొట్టం చివర నీరు బద్ధకంగా కారుతుంది. పూర్తి వేగంలో అదే గొట్టంలో ఎన్నో బార్ల ఒత్తిడి. సన్న గొట్టం పెడితే ఘాట్ దగ్గర నెమ్మదిగా తిరుగుతుండగానే ఇంజిన్ వేడెక్కుతుంది. లావు గొట్టం పెడితే నడినదిలో హీట్ ఎక్స్ఛేంజర్ అతుకు ఊడుతుంది. లావు గొట్టమే పెట్టండి. ఎక్స్ఛేంజర్‌కు ముందు ఒక రిలీఫ్ వాల్వు పెట్టి, మిగులు ఒత్తిడిని నదిలోకి వదిలేయండి. తగ్గించే అడ్డు ఏదైనా లోపలికొచ్చే వైపే ఉండాలి. బయటికి పోయే దారిలో వాల్వు బిగిస్తే ఒత్తిడంతా ఎక్స్ఛేంజర్ మీదే పడుతుంది.

5. రెండు జల్లెడలు, మధ్యలో మార్చే వాల్వు.

ఓఖ్లా వైపు గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు, పూజల తర్వాత వదిలిన బట్టలు, దండలు అన్నీ పంపు నోటికి చేరతాయి. ఒక్క జల్లెడ ఉంటే అది మూసుకుపోయినప్పుడు పడవ ఆపాలి, ప్రవాహం పడవను ఆపనివ్వదు. ఒకటి వాడుతూ రెండోది శుభ్రం చేసుకునే ఏర్పాటు చేసుకోండి. పారదర్శకమైన మూత ఉన్నవైతే లోపల ఏం పేరుకుంటోందో కంటికి కనిపిస్తుంది. ఇసుకకు జల్లెడ చాలదు. నీరు నెమ్మదించి ఇసుక కింద కూర్చునే చిన్న కుండీ దారిలో పెట్టి, దాని అడుగున ఒక కుళాయి పెట్టాలి. 2023 జూలై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డు దాటింది. అలాంటి వరద నీటిలో బురద ఎంత ఉంటుందో, నీరు తీశాక ఇళ్లలో మిగిలిన ఒండ్రు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వరదలో సరదాకు పడవ దించొద్దు.

పంపు నోటి దగ్గర కసువు తీసేటప్పుడు ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని అప్పుడు చెయ్యి పెట్టండి. ఇందులో మినహాయింపు లేదు.

6. ఎగ్జాస్ట్‌లో కలిపే నీరు.

ఇంజిన్‌ను చల్లబరిచి వచ్చిన నది నీటిని చివరికి పొగ గొట్టంలో కలుపుతారు, రబ్బరు గొట్టం కాలకుండా. ఆ కలిపే చోటు మానిఫోల్డ్ కన్నా ఎత్తున, వంపు దాటాక కిందికి పారేలా ఉండాలి. లేకపోతే ఇంజిన్ ఆగిన క్షణంలో నీరు వెనక్కి జారి సిలిండర్‌లోకి చేరుతుంది.

షెడ్డులో హోస్ పైపు కలిపి కడిగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయాలి, తర్వాత కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టాలి, తర్వాత ఇంజిన్ ఆపాలి. వరస తప్పితే పొగ నెట్టేవాడు లేక నీరు గొట్టంలో నిండుతూ ఇంజిన్ వైపు పాకుతుంది. కుళాయి తిప్పడానికి మరో మనిషిని పక్కనే నిలబెట్టుకోండి.

7. గాలి బుడగ.

పడవలో ఇంజిన్ కొంచెం వాలి కూర్చుంటుంది. వేగం అందుకునేటప్పుడు ముక్కు ఇంకా పైకి లేస్తుంది. కూలెంట్ వలయంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఈ రెండు భంగిమల్లోనూ ఎత్తుగానే ఉండాలి, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అక్కడే బిగించాలి. థర్మోస్టాట్ పళ్లెంలో సన్నని రంధ్రం ఉంటే గాలి దానంతటదే పైకి పోతుంది. 0.9 బార్ రేడియేటర్ మూత బాగుంటే నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు ఎండిన మూతతో ఆ రక్షణ పోతుంది. కొత్త మూతకు ఖర్చు కొంచెమే.

ఉష్ణోగ్రత ముల్లును గుడ్డిగా నమ్మకండి. కూలెంట్ కారిపోయి సెన్సార్ ఉత్త గాలిలో మిగిలితే ముల్లు కిందికే చూపిస్తుంది, ఇంజిన్ మాత్రం మాడుతుంటుంది. ట్యాంకులో మట్టం తగ్గితే మోగే అలారం ఒకటి, హెడ్ లోహాన్ని తాకే సెన్సార్ ఒకటి పెట్టండి. పొగ గొట్టం మీద మరొకటి ఉంటే, నది నీరు ఆగిపోయిన సంగతి అన్నిటికన్నా ముందు అదే చెబుతుంది.

8. బోరు నీరు వద్దు.

ఎన్‌సీఆర్‌లో బోరు నీరు ఎంత గట్టిదో మీ ఇంటి గీజర్ కాయిల్‌ను అడిగితే చెబుతుంది. ఆ నీటిలోని సున్నం వేడికి గట్టిపడి సిలిండర్ గోడలకు అంటుకుంటుంది. డిస్టిల్డ్ నీరు, అల్యూమినియానికి సరిపడే మంచి గ్లైకాల్ కూలెంట్ సగం సగం. ఇక్కడ చలికాలంలో నీరు గడ్డకట్టడం అరుదే అయినా, తుప్పు పట్టకుండా చూసే గుణం కోసం ఏడాది పొడవునా అదే ఉండాలి. రెండేళ్లకోసారి మార్చండి.

9. యమున మీదే నడిపితే మాత్రం.

అల్యూమినియం హల్ కట్టేవాళ్లకు నేనిచ్చే సలహా వేరు. అడుగు రేకు లోపలి వైపు ఒక చానల్ వెల్డ్ చేసి, కూలెంట్‌ను అందులో తిప్పండి. అడుగే హీట్ ఎక్స్ఛేంజర్ అవుతుంది. నది నీరు బయటే ఉంటుంది. జల్లెడ, అమ్మోనియా, ఇసుక గొడవ ఇంజిన్ వైపు ఉండదు. పొగ గొట్టం పొడిగా ఉంటుంది కాబట్టి దానికి మంట తట్టుకునే చుట్టు మందంగా వేయాలి. బరువు కొంచెం పెరుగుతుంది, వెల్డింగు నేర్పరి చేతిలోనే జరగాలి, ప్రతి అతుకునూ గాలి ఒత్తిడితో పరీక్షించాలి. అయినా ఈ నదికి ఇదే సరైన దారని నా గట్టి నమ్మకం.

10. కూలెంట్ నదిలో ఒలకబోయకండి.

ఇథిలీన్ గ్లైకాల్ విషం. తీయగా ఉంటుంది, పశువులు, కుక్కలు నాకుతాయి. విప్పేటప్పుడు కింద పళ్లెం పెట్టి, డబ్బాలోకి పట్టి, వర్క్‌షాప్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. బ్రిజ్‌ఘాట్ నుంచి నరోరా దాకా ఉన్న గంగను 2005లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అక్కడ గంగా డాల్ఫిన్లు ఉన్నాయి. వాటికి కళ్లు దాదాపు కనిపించవు, శబ్దంతోనే దారి వెతుక్కుంటాయి. అనుమతి లేనిదే అక్కడ ఇంజిన్ పడవ దించకండి. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ సంగతి కూడా పడవ సగం కట్టాక కాదు, మొదటి రేకు కోయకముందే విచారించుకోండి.

11. ఘాట్ దగ్గర, ప్రతిసారీ.

ఇంజిన్ గది బ్లోయర్‌ను అయిదు నిమిషాలు తిప్పి పెట్రోలు ఆవిరి పోగొట్టండి. చల్లగా ఉన్నప్పుడే ట్యాంకు మూత తీసి కూలెంట్ మట్టం చూడండి. క్లాంపులన్నీ చేత్తో తడమండి. పడవ నీళ్లలోకి దిగాకే స్టార్ట్ చేయండి, ట్రైలర్ మీద కాదు. పక్కనుంచి నీటి ధార పడుతోందా చూసి, దాని కింద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా తగిలితే తాడు విప్పండి. చెయ్యి కాలినా, ధార సన్నబడినా ఇంజిన్ ఆపి జల్లెడ మూత తీయండి.