విప్పగలిగినవాడిదే బేరం

అమెరికాలో కొన్ని పాత ఇళ్ల బేస్‌మెంట్లలో ఒక ఊరే ఉంటుంది. గోడ నుంచి గోడకు కొండలు, సొరంగాలు, వంతెనలు, బొగ్గు గనులు, దీపాలు వెలిగే బజారు, వాటి మధ్య గంటల తరబడి తిరిగే బుల్లి రైళ్లు. నమూనా రైళ్ల అభిమానులు దీన్ని లేఅవుట్ అంటారు. ఎక్కువమంది ఎంచుకునే హెచ్‌ఓ స్కేలులో అసలు రైలును 87వ వంతుకు తగ్గిస్తారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన పాత రైళ్లలోని ఐసీఎఫ్ బోగీ 21 మీటర్ల పైచిలుకు ఉంటుంది, ఈ లెక్కన చేస్తే జానెడు దాటి కాస్త ఉంటుంది. ఇంత చిన్న రైలు కోసం ఇరవై, ముప్పై ఏళ్ల సెలవులన్నీ ధారపోసినవాళ్లు ఉన్నారు.

అలాంటి మనిషి కాలం చేశాకో, వయసు మీదపడి చిన్న ఇంటికి మారేటప్పుడో ఆ ఊరు అమ్మకానికి వస్తుంది. ధర వింటే ఇంత తక్కువా అనిపిస్తుంది. కారణం లేకపోలేదు. సెకండ్‌హ్యాండ్‌లో మళ్లీ అమ్ముడుపోయేవి ఇంజన్లు, బోగీలు, రైళ్లను నడిపే కంట్రోలర్లు. కొండకు, సొరంగానికి, వాటిని మోసే చెక్క చట్రానికి పలికేది దాదాపు సున్నా. కట్టడానికి పట్టిన ఏళ్లకు ఎవరూ వెల కట్టరు. అందుకే అమ్మేవాళ్లు ధర బాగా తగ్గించి షరతు ఒకటి పెడతారు: ఏరుకోవడం కుదరదు, మొత్తం తీసుకెళ్లాలి, ఫలానా తేదీకి గది ఖాళీ కావాలి.

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు ఇంజనీరు ఒకడు ఈ ప్రకటన చూశాడనుకోండి. చిన్నప్పుడు కాజీపేట జంక్షన్‌లో వచ్చేపోయే రైళ్లను చూస్తూ భోజనం కూడా మరిచిపోయినవాడు. కింద బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతామని మనమీద మనమే జోకు వేసుకుంటాం కదా, ఇదేమో రైలు! ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి. అవకాశం కనిపిస్తే వదలొద్దంటాయి, ధైర్యం చేయమంటాయి. ఆ తర్వాతి శని, ఆదివారాల సంగతి ఎత్తవు. నన్నడిగితే, మనిషి స్వభావం డబ్బు చెల్లించేచోట పెద్దగా కనబడదు. చెల్లించేశాక, టార్చిలైటు నోట కరుచుకుని లేఅవుట్ బల్ల కింద వెల్లకిలా పడుకున్నప్పుడు కనబడుతుంది.

అమ్మేవాళ్లు ఎక్కువగా భయపడేది ఒక రకం మనిషికి. మొదటి రోజు వస్తాడు, ఇంజన్లన్నీ జాగ్రత్తగా పెట్టెల్లో సర్దుకుంటాడు, మిగతాది వచ్చే వారం అంటాడు. ఇక ఫోన్ ఎత్తడు. ఆ ఇంటివాళ్లకు సగం కూల్చిన కొండ, వేలాడే వైర్లు, ఇల్లు అప్పగించాల్సిన గడువు మిగులుతాయి. చట్టం దృష్టిలో ఇది పెద్ద నేరం కాకపోవచ్చు. కానీ విలువైనది ముందు లాక్కుని కష్టమైనది ఎదుటివాడికి వదిలేసే ఈ అలవాటు, ఆఫీసులో, అన్నదమ్ముల పంపకాల్లో, పెళ్లిపనుల్లో కూడా అదే మనిషి దగ్గర కనిపిస్తుంది. మొత్తం తీసుకెళ్తానని ఒప్పుకున్నాక, పనికిరానివి పడేసే చెత్తకుండీ అద్దె కూడా ఆ ధరలో భాగమే.

ఇక విప్పే పని. దానికి ఒక క్రమం ఉంది, అది తొందరను ఏమాత్రం సహించదు. ముందు ఫోటోలు, పైనుంచి, పక్కనుంచి, ముఖ్యంగా కిందినుంచి. తర్వాత రైళ్లు, ఆపైన ఇళ్లు, చెట్లు. అప్పుడుగానీ వైర్ల జోలికి పోకూడదు. పెద్ద లేఅవుట్‌లో పట్టాల ప్రతి ముక్క నుంచీ సన్నటి వైర్లు బల్ల కిందికి దిగి, లావుపాటి ప్రధాన వైర్లలో కలుస్తాయి. ఏ రంగు దేనికో అది వేసినవాడి బుర్రలో ఉంది, ఆ బుర్ర ఇప్పుడు లేదు. అందుకని కత్తిరించబోయే ప్రతి వైరుకూ, కోత పడే చోటుకు రెండు పక్కలా చీటీ అంటించాలి. విసుగు పుట్టించే పని. చీటీలు తర్వాత అంటిద్దాంలే అని కత్తెర పట్టినవాడు ఆ తర్వాత నెలల తరబడి పజిల్ విప్పుకుంటూ కూర్చుంటాడు.

అది మనవల్ల కాదనిపిస్తే ఒప్పుకోవడంలోనూ తప్పు లేదు. గాయకుడు రాడ్ స్టీవర్ట్ లాస్ ఏంజెలిస్‌లోని తన ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా శ్రమించి ఒక అమెరికా నగరాన్నే హెచ్‌ఓ స్కేలులో కట్టాడు. బ్రిటిష్ పత్రిక రైల్వే మోడలర్ 2019లో దాన్ని చూపించింది. కచేరీల పర్యటనల్లో హోటల్లో ఈ పనికోసమే మరో గది తీసుకుని భవనాలు తయారుచేసేవాడు. అంతటి పట్టుదల ఉన్నవాడు కూడా ఎలక్ట్రికల్ పని తనకు రాదని చెప్పి వేరొకరి చేత చేయించుకున్నాడు. ఏది రాదో తెలిసినవాడికి మిగతా పని సులువవుతుంది.

పట్టాల దగ్గర ఓర్పుకు అసలు పరీక్ష. పట్టాల మధ్య పోసిన సన్న కంకరను సాధారణంగా నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటిస్తారు. రాయిలా గట్టిపడి ఉంటుంది. ఉలి పెట్టి పెకలిస్తే పట్టా వంగుతుంది, రైలును దారి మళ్లించే ఖరీదైన పాయింట్లు విరుగుతాయి. దాని మీద నీళ్లు చల్లి, కాసేపు పక్కన కూర్చుంటే జిగురు మెత్తబడుతుంది, పలుచటి రేకు దూరిస్తే పట్టా దానంతటదే లేస్తుంది. మొండితనానికి లొంగనిది నీళ్లకు లొంగుతుంది. ఈ కాసేపు కూర్చోవడమే చాలామందికి చేతకాదు. చేతిలో పనిముట్టు ఉండి, ఎదురుగా పని ఉండి, ఊరికే కూర్చోవడం మనకు బద్ధకంలా తోస్తుంది.

కొండలు వేరే రకం. పాత లేఅవుట్లలో అవి ఇనుప జాలీ మీదో అట్టముక్కల అల్లిక మీదో పోసిన ప్లాస్టర్. చూడ్డానికి తేలిక, మోయడానికి ఇద్దరు కావాలి. కోస్తే గదంతా ధూళి. కళ్లద్దాలు, మాస్కు లేకుండా రంపం పట్టకూడదు. 1950లు, 60ల నాటివైతే ప్లాస్టర్‌లో ఆస్బెస్టాస్ కలిసి ఉండే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే ముట్టుకోకుండా పరీక్ష చేయించడం పిరికితనం కాదు.

మోడల్ రైల్‌రోడర్ పత్రికకు ఏళ్ల తరబడి సంపాదకుడిగా ఉన్న లిన్ వెస్ట్‌కాట్ చెక్క చట్రానికి ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు, దాని పేరు ఎల్-గర్డర్. ఇందులో స్క్రూలన్నీ కిందినుంచి బిగిస్తారు. పైన కొండలు, ఊళ్లు పూర్తయ్యాక కూడా కింద దూరి అడ్డకర్రను విప్పవచ్చు, జరపవచ్చు. పెళ్లి పందిరి వేసేవాడు ఎల్లుండి విప్పాలన్న ఎరుకతోనే ముడి వేసినట్టు. మేకులు కొట్టి, జిగురు పోసి, ఇది శాశ్వతం అనుకుని కట్టినవాడి లేఅవుట్‌ను చివరికి రంపంతో కోయాల్సిందే. స్క్రూలతో కట్టినవాడి పని మరో ఇంటికి చేరుతుంది. తన తర్వాత వచ్చేవాడిని తలచుకుని పనిచేసే గుణం ఆఫీసులో ఫైళ్లు సర్దేవాడికీ, ప్రోగ్రాం రాసేవాడికీ కూడా ఉండాలని వేరే చెప్పాలా?

ఈ పనంతా ఒకరి ఇంట్లో, ఒకరి కళ్లముందు జరుగుతుంది. పైన వంటగదిలో, లేఅవుట్ కట్టినాయన భార్య ఉంటుంది. కింద రంపం చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంటుంది. బేరం తగ్గించుకోవడానికి వంకలు పెట్టడం, పాతబడిందని మూతి విరవడం, పోయినాయన పనితనాన్ని హేళన చేయడం, ఇవన్నీ నాలుగు డాలర్లు మిగల్చవచ్చు, అంతే. పెద్దావిడ ఏదైనా ఒక ఇంజను, ఒక చిన్న స్టేషను దగ్గర ఉంచుకుంటానంటే, ముందు ఒప్పందంలో లేదని వాదించకండి. ఆమె అడిగిందే తడవుగా ఇచ్చేయండి. ఆయన ఎలా కట్టాడని అడిగితే, వైర్ల రంగుల రహస్యం ఆమెకే గుర్తుండవచ్చు కూడా.

ఇంటికి తెచ్చాక వచ్చే ప్రలోభం మరొకటి: ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెట్టాలని. కానీ గది కొలత వేరు, స్తంభం వేరేచోట ఉంటుంది, పాత పట్టాల ఎత్తు కొత్త పట్టాలతో కలవకపోవచ్చు. ఇక్కడ జాన్ ఆలెన్ సంగతి గుర్తుచేసుకోవాలి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో, నేలనుంచి కప్పుదాకా కొండలు లేపి, గోరీ అండ్ డిఫీటెడ్ అనే లైను కట్టిన మహానుభావుడు. 1973 జనవరిలో చనిపోయాడు. కొద్దిరోజులకే అగ్నిప్రమాదంలో ఆ లేఅవుట్ చాలావరకు కాలిపోయింది. అయినా ఆయన తీసిన ఫోటోలు, రాసిన వ్యాసాలు చూసి నేర్చుకున్నవాళ్లు తరతరాలుగా తమ లైన్లు తాము వేసుకుంటూనే ఉన్నారు. ఆయన మీద పుస్తకం రాసింది పైన చెప్పిన వెస్ట్‌కాటే. కొండను అచ్చుగుద్దినట్టు దించడం కంటే, కొండను ఎలా లేపాడో గ్రహించడం ఎక్కువ కాలం నిలుస్తుంది. తండ్రి నడిపిన కొట్టునో, రిటైరైన అధికారి కుర్చీనో అందుకున్నవాళ్లు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు, వచ్చీరాగానే అంతా పెకలించడమో, ఒక్క స్క్రూ కూడా కదపకుండా పూజించడమో. ముందు చీటీలు అంటించండి, ఏ తీగ దేనికో తెలుసుకోండి, ఆ తర్వాత ఏది ఉంచాలో తేల్చండి.

కొనొద్దని నేననడం లేదు. మా ఊరి రైలు స్టేషను నమూనా మా ఇంట్లో తిరిగితే నాకూ సరదాయే. కాకపోతే అలాంటి బేరం మీ ముందుకొస్తే, అడ్వాన్సు ఇచ్చేముందు టేపు తీసుకెళ్లి తలుపు వెడల్పు, మెట్ల మలుపు కొలవండి. రెండు శని, ఆదివారాలు మీతో నిలబడే ఇద్దరు మనుషుల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఆ ఇద్దరి పేర్లూ రాయలేకపోతే మర్యాదగా ఫోన్ చేసి, మీకంటే తగినవాడికి ఇమ్మని చెప్పండి.