సైకిలు చక్రం – తెగిపోయే పుల్లలు

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలసిన భీమునిపట్నం, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ప్రాచీనమైన రేవు పట్టణం. వేకువనే తీరం నుండి చేపల తట్టను సైకిలు వెనుక కట్టుకొని పల్లెలకు బయలుదేరే వానికి చక్రంలో ఒక పుల్ల తెగడం చిన్న సంగతి కాదు. రిమ్ము వంకర తిరిగి బ్రేకు రబ్బర్లకు రాసుకుంటుంది. బండి కదలదు, ఎండ ఎక్కేకొద్దీ సరుకు పాడవుతుంది. కొత్త పుల్ల వేయించిన పది రోజులకే పక్కది తెగితే అతడు పుల్లనే నిందిస్తాడు. దోషం చాలావరకు పుల్లది కాదు.

బండిచక్రపు అరములను తెలుగులో 'ఆకులు' అంటాము. జాతీయ పతాకంలోని ధర్మచక్రానికి 24 ఆకులు. కొయ్యబండి ఆకు స్తంభం వలె నిలిచి బరువు మోస్తుంది. సుమారు 2 మిల్లీమీటర్ల మందం గల సైకిలు పుల్లకు ఆ శక్తి లేదు, నొక్కితే వంగిపోతుంది. అందుచేత దానిని నాభికీ రిమ్ముకూ నడుమ వీణతీగవలె లాగి బిగిస్తారు. పుల్లలను నాభి నుండి ఏటవాలుగా, ఒకదానినొకటి దాటేటట్లు అమర్చే పద్ధతిని ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో జేమ్స్ స్టార్లీ 1874లో ప్రవేశపెట్టాడు. మన పాత బరువు సైకిళ్లలో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండడం పరిపాటి. వెనుక భారమెక్కువ, తొక్కుడు బలమూ అక్కడే పడుతుంది.

చక్రం నేలను తాకే చోట ఉన్న పుల్లల బిగువు క్షణకాలం తగ్గి, పైకి రాగానే మరల పెరుగుతుంది. 28 అంగుళాల చక్రం పది కిలోమీటర్లకు సుమారు 4,500 సార్లు తిరుగుతుంది. పుల్లకు అన్నిసార్లూ ఈ హెచ్చుతగ్గులు తప్పవు. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే తెగినట్లే, నాభి రంధ్రంలో కొక్కెంలా వంగిన చోట పుల్ల అలసి చీలుతుంది. "ఎక్కువ బిగించారు, అందుకే తెగింది" అనే మాట తరచుగా వినబడుతుంది. నిజానికి వదులు పుల్లకే ఆయువు తక్కువ. బిగువు చాలనప్పుడు అది ప్రతి చుట్టుకూ పూర్తిగా సడలి, కొక్కెం వద్ద కదలాడుతుంది. దీనికి తోడు ఉప్పుగాలి. తుప్పు తిన్న గుంటలోనే చీలిక మొదలవుతుంది.

తెగినదొక్కటే మార్చి ఊరుకుంటే తక్కిన వాటి వదులు అలాగే ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ పుల్లలను వేలితో మీటి చూడాలి. ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. బొద్దుగా పలికిన దానిని చిన్న పానాతో కొద్దికొద్దిగా బిగించాలి. తుప్పు పట్టిన మరకు ముందుగా ఒక చుక్క నూనె వేయాలి. బిగించిన పిదప పక్కపక్కన సమాంతరంగా ఉన్న రెండేసి పుల్లలను పిడికిటితో గట్టిగా నొక్కితే వంపులు రంధ్రాలలో సరిగా కుదురుకుంటాయి. కొత్త పుల్ల పొడవు సరిచూడనిచో దాని కొన ట్యూబును పొడుస్తుంది.

మూడు నాలుగు పుల్లలు వరుసగా తెగితే తక్కినవీ అంతే అలసి ఉన్నాయని గ్రహించాలి. అప్పుడు ఒక్కొక్కటిగా మార్చడం దండుగ. రిమ్ము బాగుంటే చక్రమంతటికీ కొత్త పుల్లలు అల్లించాలి. తీరవాసులు తుప్పుపట్టని ఉక్కు పుల్లలనే అడిగి వేయించుకోవడం మేలు. వెల కొంత హెచ్చే.