మూడు నిమిషాల చదరంగం: హికారు నకమూరా ఆటతీరుపై ఒక పరిశీలన

స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ‘అభిరుచులు’ అన్న గడిలో ఇప్పుడు ఎక్కువమంది పిల్లలు రాస్తున్న మాట ‘ఆన్‌లైన్ చెస్’. సంతోషమే. కానీ ఆ పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరుగా ఉంటోంది. “రోజుకు ముప్పై ఆటలు ఆడేస్తున్నాడండీ, మూడు నిమిషాలకొకటి. దీన్ని చదరంగం అనాలా, వీడియో గేమ్ అనాలా?” అని. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్కమాటలో జవాబు చెప్పడం కంటే, ఆ వేగపు ఆటలో ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక ఆటగాణ్ణి తీసుకొని, అతని బలం ఎక్కడుంది, లోటు ఎక్కడుంది అని చూడడం మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ ఆటగాడు అమెరికాకు చెందిన గ్రాండ్‌మాస్టర్ హికారు నకమూరా.

ముందుగా గడియారం లెక్క చూద్దాం. ‘మూడు నిమిషాల ఆట’ అంటే ఒక్కో ఆటగాడికి మొత్తం ఆటకు 180 సెకన్లు. ఆట 40 ఎత్తులు సాగితే ఎత్తుకు నాలుగున్నర సెకన్లు వస్తాయి. 60 ఎత్తులు సాగితే మూడే. ‘బుల్లెట్’ అనే ఒక నిమిషం ఆటలో 40 ఎత్తులకు ఎత్తుకు ఒకటిన్నర సెకను మాత్రమే. ఇక పెద్ద టోర్నమెంటు సంగతి చూడండి. 2024లో కెనడాలోని టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో మొదటి 40 ఎత్తులకు 120 నిమిషాలిచ్చారు. అంటే సగటున ఎత్తుకు మూడు నిమిషాలు. మన పిల్లవాడు ఒక ఆట మొత్తానికి వాడే సమయం, అక్కడ ఒక్క ఎత్తుకు వాడే సమయంతో సమానం!

ఈ లెక్క నుంచి తేలేది ఒకటుంది. నాలుగున్నర సెకన్లలో ఎవరూ కొత్తగా ఆలోచించి కనిపెట్టలేరు. అంతకుముందు నేర్చుకొని బుర్రలో దాచుకున్నదే చేతిలోకి వస్తుంది. అందుచేత వేగపు ఆట మనలో ఉన్నదాన్ని బయటపెడుతుందే గాని, లేనిదాన్ని తెచ్చిపెట్టదు. మంచి అలవాట్లుంటే మంచివి, చెడ్డవుంటే చెడ్డవి. బ్యాంకు కౌంటరులో నోట్లు లెక్కపెట్టే పనిలో కూడా ఇంతే. మొదటి ఏడాది నెమ్మదిగా, తప్పు లేకుండా లెక్కపెట్టినవాడి చెయ్యే తరువాత వేగంగా ఆడుతుంది.

నకమూరా 1987లో జపాన్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికాకు వచ్చాడు. శ్రీలంక నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన సునీల్ వీరమంత్రి అనే పేరున్న చెస్ శిక్షకుడు అతని సవతితండ్రి. ఇంట్లోనే గురువు ఉన్నాడన్నమాట. 2003లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి, అమెరికాలో అంతకుముందు బాబీ ఫిషర్ పేరిట ఉన్న రికార్డును దాటాడు. 2005, 2009, 2012, 2015, 2019 సంవత్సరాల్లో అమెరికా జాతీయ ఛాంపియన్. ఇవన్నీ ముందు ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలకు తెలిసిన నకమూరా వేరు. కెమెరా ముందు కూర్చొని, మాట్లాడుతూనే మౌసుతో బుల్లెట్ ఆడి అందరినీ ఓడించే మనిషి వారికి తెలుసు. ఆ మనిషి వెనుక ఇరవై ఏళ్ల నెమ్మది ఆట ఉంది.

ఆన్‌లైన్‌లో అతని ఘనత తక్కువది కాదు. చెస్.కామ్ సంస్థ నడిపే స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్‌ను 2018 నుంచి 2022 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచాడు. ఆ పోటీ పద్ధతి తమాషాగా ఉంటుంది. ఇద్దరు ఆటగాళ్లు ఎదురెదురుగా గంటల తరబడి ఆడుతూనే ఉంటారు. మొదట ఐదు నిమిషాల ఆటలు, తరువాత మూడు నిమిషాలవి, చివర ఒక నిమిషం ఆటలు. మొత్తం పాయింట్లు ఎవరికి ఎక్కువైతే వారిది గెలుపు. 2022 ఫైనల్లో మాగ్నస్ కార్ల్‌సన్ మీద నకమూరా 14.5–13.5 తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది అదే కార్ల్‌సన్ చేతిలో 12.5–13.5 తేడాతో ఓడాడు. ఇద్దరికీ ఎంత దగ్గర పోటీయో చూడండి.

అతని ఆటలో నాకు కనిపించిన మొదటి బలం, అన్నింటికంటే మంచి ఎత్తు కోసం వెతుకుతూ కూర్చోకపోవడం. చెడ్డది కాని, తన రాజుకు ప్రమాదం తేని, ఎదుటివాడు ఆలోచించక తప్పని ఎత్తు ఒకటి దొరికితే చాలు, వెంటనే ఆడేస్తాడు. అతను ఒక సెకను ఖర్చుపెడితే ఎదుటివాడు ఆరు ఖర్చుపెడతాడు. ఇరవై ఎత్తులయ్యేసరికి పావులు సమానంగానే ఉన్నా గడియారంలో నకమూరా ముందుంటాడు. వేగపు ఆటలో సమయం కూడా ఒక పావే. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో, ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలిసినంతగా తెలిసినవారు కొద్దిమందే.

రెండోది రక్షణ. ఒక బంటు పోయినా, స్థితి చెడినా అతను చేతులెత్తెయ్యడు. పావులన్నీ ఒకదానికొకటి కాపలా ఉండేట్టు సర్దుకొని, రాజును భద్రంగా దాచి, గెలుపును ఎదుటివాడే సాధించి చూపమంటాడు. సమయం తక్కువున్నప్పుడు గెలిచే స్థితిని నిజంగా గెలవడం ఎంత కష్టమో ఆడినవారికి తెలుసు. మన పిల్లలు సాధారణంగా దీనికి వ్యతిరేకం. మంత్రి పోగానే ‘రిజైన్’ నొక్కి కొత్త ఆట మొదలుపెడతారు. రక్షణ నేర్చుకునే అవకాశం అక్కడే పోతుంది.

మూడోది ఎండ్‌గేమ్. రెండువైపులా ఒక్కో రూక్, రెండేసి బంట్లు మిగిలిన స్థితిని సెకనుకు ఒకటి చొప్పున తప్పు లేకుండా ఆడగలడు. ఇది చేతివేగం వల్ల వచ్చింది కాదు. ఆ స్థితులు వందలసార్లు చూసి ఉండడం వల్ల వచ్చింది. దీనికి తోడు ‘ప్రీమూవ్’ అనే సౌకర్యాన్ని, అంటే ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తును సిద్ధంగా పెట్టి ఉంచడాన్ని, ఎక్కడ వాడాలో అక్కడే వాడతాడు. ఎదుటివాడికి వేరే దారి లేనప్పుడు ప్రీమూవ్ లాభం. దారులు రెండుంటే అది జూదం. ‘ఎలాగూ బంటును తీసుకుంటాడులే’ అని ప్రీమూవ్ పెట్టి, వాడు తీసుకోకపోతే మంత్రిని పోగొట్టుకునే పిల్లలు కోకొల్లలు.

అతన్ని చూసి నేర్చుకోకూడనిది కూడా ఒకటుంది. రెండో ఎత్తులోనే రాజును ముందుకు నడిపించే ‘బాంగ్‌క్లౌడ్’ అనే సరదా ప్రారంభం. 2021లో ఒక ఆన్‌లైన్ టోర్నమెంటులో, ఫలితంతో పని లేని ఆటలో కార్ల్‌సన్ దాన్ని ఆడితే, నకమూరా కూడా నవ్వుతూ అదే ఆడాడు. ఆట డ్రా అయింది. వారిద్దరికీ అది వేడుక. జిల్లా అండర్-13 పోటీలో ఆడితే అది ఓటమి.

ఇక లోట్ల మాటకొస్తే, అతనిలాంటి ఆటగాడికి లోటు అనడానికి నేనెంతవాణ్ణి అనిపిస్తుంది. కానీ ఫలితాలు అందరి ముందూ ఉన్నాయి కదా. కార్ల్‌సన్ మీద నెమ్మది ఆటలో, అంటే క్లాసికల్ ఆటలో, నకమూరాకు తొలి విజయం 2016లో స్పెయిన్‌లోని బిల్బావోలో గాని రాలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఓటములూ డ్రాలూ మాత్రమే. 2022లో మాడ్రిడ్ క్యాండిడేట్స్‌లో చివరి రౌండుకు అతను రెండో స్థానంలో ఉన్నాడు. డింగ్ లిరెన్‌తో డ్రా చేసుకుంటే చాలు, ఆ స్థానం నిలుస్తుంది. ఓడిపోయాడు. కొద్దిరోజులకే కార్ల్‌సన్ టైటిల్ నిలబెట్టుకునే పోటీ ఆడనని ప్రకటించడంతో రెండో స్థానంవాడికి ప్రపంచ టైటిల్ పోటీలో చోటు దక్కింది. ఆ చోటులో ఆడిన డింగ్ 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అర పాయింటు విలువ ఇంతని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

టొరంటోలో మరొక సంగతి బయటపడింది. మహారాష్ట్రలోని నాసిక్‌కు చెందిన విదిత్ గుజరాతీ అక్కడ నకమూరాను రెండుసార్లు ఓడించాడు. అందులో మొదటిది రెండో రౌండులో. విదిత్ నల్లపావులతో ఆడుతూ, ఇంటి దగ్గర సిద్ధం చేసుకొచ్చిన బిషప్ త్యాగంతో తెల్లరాజు కోటను బద్దలుకొట్టాడు. ఆన్‌లైన్‌లో ఎదురయ్యే ఆటగాడు ఎవరో చివరి నిమిషం దాకా తెలియదు, నీ కోసం ప్రత్యేకంగా తయారై రాడు. పెద్ద టోర్నమెంటులో ఎదుటివాడు నీ పాత ఆటలన్నీ ముందుపెట్టుకొని నెలల తరబడి తయారై వస్తాడు. రెండో మంచి ఎత్తుతో సరిపెట్టుకునే పద్ధతి అక్కడ నడవదు.

ఆ టోర్నమెంటు చివరి రౌండులో నకమూరాకు ఎదురుగా కూర్చున్నది 17 ఏళ్ల దొమ్మరాజు గుకేశ్. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన కుర్రాడు. ఆట డ్రా అయింది, 9 పాయింట్లతో గుకేశ్ మొదటి స్థానం, 8.5తో నకమూరా మరో ఇద్దరితో సమానం. అదే ఏడాది డిసెంబరు 12న సింగపూరులో డింగ్‌ను ఓడించి గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గుకేశ్ శిక్షకుడు విష్ణు ప్రసన్న అతన్ని చాలాకాలం కంప్యూటర్ ఇంజిన్ల జోలికి పోనివ్వకుండా సొంతంగా లెక్కవేయడం అలవాటు చేశాడన్నది అందరికీ తెలిసిన విషయమే. మరి గుకేశ్‌కు వేగపు ఆట అంత బాగా వచ్చా అంటే, అదీ లేదు. 2025 జులైలో క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో ర్యాపిడ్ విభాగంలో అందరికంటే ముందు నిలిచాడు. తరువాతి బ్లిట్జ్ విభాగంలో వెనకబడి, మొత్తం మీద మూడో స్థానానికి దిగాడు.

దీన్నిబట్టి వేగం వద్దు, నెమ్మదే ముద్దు అని తేల్చేస్తే తొందరపాటు. వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు జాబితాలో క్లాసికల్ రేటింగులో 2800 దాటాడు. 2025 డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ రెండింటిలోనూ కాంస్య పతకాలు తెచ్చాడు. నకమూరా సంగతే చూడండి. రెండేళ్లకు పైగా క్లాసికల్ పోటీలు మానేసి ఆన్‌లైన్‌లోనే గడిపి, 2022లో తిరిగి వచ్చి బెర్లిన్‌లో గ్రాండ్ ప్రి పోటీ గెలిచాడు. అయితే అతని ఖాతాలో మూలధనం ఉంది. వడ్డీతో రెండేళ్లు గడిపాడు. పన్నెండేళ్ల పిల్లవాడి ఖాతాలో ఇంకా జమ పడాల్సి ఉంది. తేడా అక్కడ.

కాబట్టి నకమూరా ఆటను చూసినట్టే మీ ఆటను మీరు చూసుకోండి. దీనికి నోటుపుస్తకం ఒకటి చాలు. వరుసగా ఇరవై ఆటలకు పద్దు రాయండి. ఆట గెలుపా ఓటమా అన్నది ఒక గడి. పదిహేనో ఎత్తు దగ్గర మీ గడియారంలో ఎంత మిగిలింది, ఎదుటివారిలో ఎంత మిగిలింది అన్నది రెండో గడి. ఓడితే దేనివల్ల అన్నది మూడోది. సమయం అయిపోయిందా, పావు ఊరికే ఇచ్చారా, ప్రారంభంలోనే ఉచ్చులో పడ్డారా, మంచి స్థితిలో ఉండి ఏం చెయ్యాలో తోచలేదా? ఇరవై ఆటలయ్యాక మూడో గడిలో ఏ మాట ఎక్కువసార్లు ఉందో చూడండి. ‘పావు ఊరికే ఇచ్చాను’ అన్నది పన్నెండుసార్లుంటే ఓపెనింగు పుస్తకాలు కొనడం దండగ. ఎత్తు ఆడేముందు ఎదుటివాడి చెక్‌లూ, తీసుకోగల పావులూ చూడడం అలవాటు చేసుకోవాలి. ‘సమయం అయిపోయింది’ అన్నదే ఎక్కువుంటే మూడు నిమిషాల ఆట మాని, ఎత్తుకు రెండు సెకన్లు కలిసే ఆటకు మారండి. 40 ఎత్తులకు 80 సెకన్లు కలిసి, సగటున ఎత్తుకు ఆరున్నర సెకన్లు వస్తాయి.

నాలుగో గడి తల్లిదండ్రులు గమనించి రాయాల్సింది. ఓడిన తరువాత ఎన్ని క్షణాలకు కొత్త ఆట మొదలుపెట్టారు? నకమూరా ఓడిన వెంటనే మరో ఆట మామూలుగా ఆడగలడు, అది అతని వృత్తి. కోపంతో మొదలుపెట్టిన ఆటలు పిల్లలు వరుసగా ఓడతారు, రాత్రి పదకొండయినా లేవరు. ఆ గడిలో ఇది కనబడితే రెండు ఓటముల తరువాత కంప్యూటర్ ఆపాలన్న నియమం పెట్టండి. రేటింగు ఎంతని అడగడం మాని, ఇవాళ్టి ఆటల్లో ఒకటి బోర్డు మీద పెట్టి చూపించమనండి. మీకు చదరంగం రాకపోయినా ఫర్వాలేదు, మీకు వివరించడంలోనే వాడికి తప్పు తెలుస్తుంది.

మరొక విషయం. ఆన్‌లైన్ రేటింగునూ ఫిడే రేటింగునూ ఒకటిగా అనుకొని, కాలేజీల క్రీడా కోటా దరఖాస్తుల్లో రాసేవారున్నారు. సాధారణంగా అక్కడ అడిగేది గుర్తింపు ఉన్న సంఘాలు బోర్డు మీద నిర్వహించిన పోటీల సర్టిఫికెట్లను. నకమూరాకైనా, ఆన్‌లైన్ టైటిళ్లు ఎన్ని ఉన్నా, బోర్డు మీద ఆడే ప్రపంచ బ్లిట్జ్ టైటిల్ 2025 వరకు అందలేదు. 2019లో మాస్కోలో ప్లేఆఫ్ దాకా వచ్చి కార్ల్‌సన్ చేతిలో ఓడాడు.

వారంలో సమయం ఎలా పంచుకోవాలంటే, హైస్కూలు పిల్లలకు నా లెక్క ఇది. పరీక్షలు లేని వారాల్లో ఒక్కటైనా అరగంట ఆట, ఎత్తులన్నీ కాగితం మీద రాస్తూ, వీలైతే నిజమైన బోర్డు మీద. వేగపు ఆటలు రోజుకు ఐదు మించకుండా, ప్రీమూవ్ లేకుండా. పద్దు రాయడానికి ఆదివారం ఒక గంట. లైచెస్ అనే సైటు పూర్తిగా ఉచితం. ఆట ముగిశాక ప్రతి ఎత్తుకూ ఎన్ని సెకన్లు పట్టాయో అక్కడే కనబడుతుంది గనుక రెండో గడి నింపడానికి ఇబ్బంది ఉండదు.