రెండు విమానాలు, ఒక పొడుగు రోజు

రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్ మాట వినబడుతుంది. ఒక ఇంట్లో అమ్మ కువైట్‌లో ఉంటుంది. ఇంకో ఇంట్లో కూతురు మస్కట్‌లో ఉంటుంది. ఇళ్లలో వంట చెయ్యడానికి, పిల్లలను చూసుకోవడానికి మన ఆడవాళ్లు చాలామంది వెళ్తున్నారు. పూర్వం రైలెక్కి బొంబాయి పోయి, అక్కడ విమానం ఎక్కేవారు. 2008లో హైదరాబాద్ దగ్గర శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చింది. ఇప్పుడు అక్కడి నుంచే వెళ్తున్నవారు ఎందరో.

నేరుగా వెళ్లే విమానానికి తరచు డబ్బు ఎక్కువ అవుతుంది. మధ్యలో దిగి ఇంకో విమానం ఎక్కితే తక్కువ అవుతుంది. డబ్బు మిగులుతుంది గాని, రోజు పొడుగవుతుంది. ఈ పొడుగు రోజును ఒంటరిగా దాటాలంటే మన టికెట్టు మనమే చదువుకోవాలి. అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. రండి అక్కా, చదువుదాం.

1. తేదీ, టైము

రాజోలు నుంచి ఒక అక్క కువైట్ వెళ్తోంది అనుకుందాం. ఆమెకు మీ పేరే పెట్టుకోండి. లెక్క కోసం టికెట్టు ఇలా రాసుకుందాం.

హైదరాబాద్‌లో బయలుదేరేది: 12వ తేదీ 03:30
మస్కట్ చేరేది: 12వ తేదీ 05:15
మస్కట్‌లో బయలుదేరేది: 12వ తేదీ 14:00
కువైట్ చేరేది: 12వ తేదీ 15:00

విమానాల గడియారానికి 24 గంటలు. అర్ధరాత్రి అంటే 00:00. మధ్యాహ్నం 12 తరువాత 13, 14 అని లెక్క పోతుంది. అందులోంచి 12 తీసేయండి. 14:00 అంటే మధ్యాహ్నం 2 గంటలు. మరి 03:30? అది తెల్లవారుజామున మూడున్నర.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మనకు తెల్లవారితే కొత్త రోజు. విమానానికి అర్ధరాత్రి దాటితే కొత్త తేదీ. ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందు చేరాలి. అంటే 12వ తేదీ 00:30కి అక్కడ ఉండాలి. మన మాటలో అది 11వ తేదీ రాత్రి. కాబట్టి రాజోలులో రాత్రి బస్సు 10వ తేదీనే ఎక్కాలి. "టికెట్టు 12న కదా" అని 11 రాత్రి బస్సు ఎక్కితే, మనం దారిలో ఉండగానే విమానం వెళ్లిపోతుంది. టికెట్టు డబ్బూ పోతుంది.

2. ఏ ఊరికి ఆ ఊరి టైము

03:30కి ఎక్కి 05:15కి దిగితే గంటా ముప్పావే కదా! మస్కట్ అంత దగ్గరా? కాదు. టికెట్టులో ఏ ఊరు ఉంటే ఆ ఊరి టైము వేస్తారు. మనకు సూర్యుడు ముందు ఉదయిస్తాడు. వాళ్లకు తరువాత ఉదయిస్తాడు. మస్కట్, దుబాయ్ గడియారాలు మనకంటే గంటన్నర వెనక ఉంటాయి. కువైట్, ఖతార్, బహ్రెయిన్, సౌదీ రెండున్నర గంటలు వెనక.

ఇప్పుడు లెక్క చూద్దాం. మస్కట్‌లో 05:15 అంటే మనకు 06:45. ప్రయాణం మూడుంపావు గంటలు. కువైట్‌లో 15:00 అంటే మనకు సాయంత్రం అయిదున్నర. రెండో విమానం రెండు గంటలు. గాలిలో ఉండేది మొత్తం అయిదుంపావు గంటలే. మస్కట్‌లో కూర్చునేది 8 గంటల 45 నిమిషాలు! 10వ తేదీ రాత్రి 7 గంటలకు ఇల్లు వదిలితే, కువైట్‌లో దిగేసరికి 46 గంటల 30 నిమిషాలు అవుతుంది.

ఈ లెక్క తరువాత కూడా పనికొస్తుంది. కువైట్‌లో రాత్రి 9 గంటలకు పని ముగించి ఫోను చేస్తే, ఇక్కడ పదకొండున్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు.

3. ఎయిర్‌పోర్టులో

ముందు విమానం వాళ్ల కౌంటరు దగ్గరకు వెళ్లాలి. పెద్ద సంచి తీసుకుని బోర్డింగ్ పాసు ఇస్తారు. విమానాలు రెండైతే పాసులు రెండు కావాలి. అడగండి. "నా సంచి కువైట్ దాకా పోతుందా?" అని కూడా అడగండి. రెండు విమానాలకూ ఒకే టికెట్టు అయితే సాధారణంగా సంచి నేరుగా పోతుంది. విడివిడిగా రెండు టికెట్లు కొంటే మధ్యలో సంచి తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అందుకు ఆ దేశం వీసా కూడా కావాల్సి రావచ్చు. టికెట్టు కొనేముందే ఇది తేల్చుకోవాలి.

తరువాత ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తారు. ఆపైన తనిఖీ. చివరికి గేటు. పాసు మీద గేటు నంబరు, సీటు నంబరు ఉంటాయి. గేటు మారవచ్చు. అందుకే గోడమీద పెద్ద తెర చూస్తూ ఉండండి. పాసు మీద ఉన్న విమానం నంబరు తెర మీద వెతకండి. అరబ్బీ అక్షరాలు వస్తే కాస్త ఆగండి. తెర మారుతుంది.

మస్కట్‌లో దిగాక బయటికి పోయే దారి పట్టకండి. రెండో పాసు చూపించి "కువైట్" అనండి. దారి చూపిస్తారు. నిద్ర వస్తే మీ గేటు దగ్గరే కూర్చోండి. టైము చెప్పి పక్కవారిని లేపమనండి.

4. సంచిలో ఏం పెట్టాలి?

చౌక టికెట్టులో చాలాసార్లు భోజనం ఉండదు. పులిహోర, జంతికలు చేతిసంచిలో పెట్టుకోండి. ఖాళీ నీళ్ల సీసా ఉంచుకుని తనిఖీ అయ్యాక నింపుకోండి. విమానంలో చలి, శాలువా ఉండాలి. ఆవకాయ, నెయ్యి చేతిసంచిలో పెట్టవద్దు. గట్టిగా మూత కట్టి పెద్ద సంచిలో పెట్టాలి.

మన కోనసీమ కొబ్బరికి పుట్టిల్లు. అయినా ఎండు కొబ్బరి, కురిడీలు ఏ సంచిలోనూ పెట్టకండి. వాటిలో నూనె ఎక్కువ. నిప్పు అంటుకుంటుందని విమానంలో నిషేధించారు. గసగసాలు అసలే వద్దు. మనకు అవి మసాలా. గల్ఫ్ దేశాల్లో మత్తుమందు కింద లెక్క. జైలుకు పంపుతారు. "మా వాళ్లకు ఇవ్వమ్మా" అని ఎవరైనా పొట్లం ఇస్తే విప్పి చూడకుండా తీసుకోవద్దు.

5. చివరి ఊరు చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. టికెట్టులో చివరి ఊరు ఏ దేశంలో ఉంది? వీసా ఏ దేశానిది? పని ఏ దేశంలో అన్నారు? మూడూ ఒకటే కావాలి. కువైట్‌లో పని అని చెప్పి, దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా ఇచ్చే దళారులు ఉన్నారు. విజిట్ వీసా చూసి రావడానికే. దానిమీద పని చేస్తే నేరం మన మీద పడుతుంది. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేం.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఇ.సి.ఆర్. రకం. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలి. వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో నిబంధన పెట్టారు. ఈ అనుమతిని తప్పించుకోవడానికే దళారి విజిట్ వీసా తెస్తాడు. "వయసు ఎక్కువ రాయిస్తాను" అన్నా ఒప్పుకోకండి.

పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక సెట్టు ఉంచండి. అనుమానం వస్తే డబ్బు కట్టకముందే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి ఫోను చెయ్యండి. నంబరు 1800 11 3090. పైసా ఖర్చు లేదు.

చెప్పండి చూద్దాం

1. టికెట్టు మీద 15వ తేదీ 00:40 అని ఉంది. ఎయిర్‌పోర్టుకు ఏ తేదీ, ఎన్ని గంటలకు చేరాలి?
2. 18:20 అంటే మన లెక్కలో ఎంత?
3. ఇక్కడ రాత్రి 8 గంటలైతే కువైట్‌లో ఎంత?
4. మీ వీధిలో గల్ఫ్ వెళ్లి వచ్చిన అక్క టికెట్టు అడిగి తీసుకోండి. అందులోని ఊళ్లు, తేదీలు, టైములు నలుగురూ కలిసి చదవండి.