మైనింగ్ చదవాలనుకునే అమ్మాయిలకు

ఎప్‌సెట్ ర్యాంకు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే వేళ మైనింగ్ మాటెత్తే అమ్మాయికి, బొగ్గు గనుల మీదే బతికే ఇళ్లలో సైతం ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: 'బాయిల (గనిలో) ఆడపిల్లకేం పని?' నిన్నమొన్నటి దాకా ఈ మాటకు చట్టం కూడా వంతపాడింది. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం భూగర్భ గనుల్లో మహిళలను పనిలో పెట్టుకోకూడదనే నిబంధన ఉండేది. పైన పనైనా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే చేయాల్సి వచ్చేది. గనిలో దిగిన అనుభవం లేనిదే భూగర్భ గని మేనేజర్ పరీక్షకు అర్హత రాదు. దిగడానికేమో చట్టం ఒప్పుకునేది కాదు. ఇక పట్టా ఉండి ఏం లాభం?

2019లో కేంద్రం ఈ ముడి విప్పింది. టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనుల్లో పగటిపూట భూగర్భంలోకి, ఓపెన్‌కాస్టు (ఉపరితల) గనుల్లో రాత్రి షిఫ్టులకు కూడా మహిళలను అనుమతించింది. వారి రాతపూర్వక అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత దేశంలోనే భూగర్భ గని మేనేజర్ అర్హత సాధించిన తొలి మహిళగా నిలిచింది మన భూపాలపల్లి అమ్మాయి, సింగరేణి కార్మికుడి బిడ్డ సంధ్య రసకట్ల. చదివింది కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌లో, అప్పటికి ఉద్యోగం హిందుస్థాన్ జింక్‌లో. 2024లో టాటా స్టీల్ వారి నోవాముండి ఇనుప గనిలో ఒక షిఫ్టు మొత్తాన్ని మహిళలే నడపడం మొదలుపెట్టారు.

ఇక అసలు విషయానికి వద్దాం. బీటెక్ పట్టా ఉద్యోగం తేవచ్చు గానీ, గనిని నడిపే అధికారం ఇవ్వదు. అది గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) ఇచ్చే సర్టిఫికెట్‌తోనే వస్తుంది. ముందు సెకండ్ క్లాస్, అనుభవం పెరిగాక ఫస్ట్ క్లాస్. బొగ్గు గనులకు వేరు, లోహ గనులకు వేరు. ఇందులోనూ రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్ ఓపెన్‌కాస్టులకే పనికొస్తుంది, అన్‌రిస్ట్రిక్టెడ్ అయితే భూగర్భ గనులకు కూడా చెల్లుతుంది. ట్రైనింగ్‌లో 'నీకెందుకమ్మా అండర్‌గ్రౌండ్, ఓపెన్‌కాస్టులో చేసుకో' అనేవాళ్లు ఉంటారు. మీ మంచి కోరే అనొచ్చు. అయినా ఒప్పుకోకండి. ఆ ఒక్క సర్దుబాటుతో భూగర్భ గనుల తలుపులు మీకు మూసుకుపోతాయి.

కింద పని ఎలా ఉంటుందంటారా? నెత్తిన హెల్మెట్, దానికి క్యాప్ ల్యాంప్, నడుముకు విషవాయువుల నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్. షిఫ్టు మొదట్లోనే కర్రతో పైకప్పును తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా వినిపిస్తే ఏ క్షణమైనా ఊడిపడొచ్చు. మీథేన్ ఎంతుందో కొలవాలి, గాలి చివరిదాకా అందుతోందో లేదో చూడాలి. తేడా కనిపిస్తే పని ఆపించి మనుషులను బయటికి పంపాలి. ఇందులో కండబలంతో పనేముంది?

కష్టాలు లేవని చెప్పను. దూరపు పోస్టింగ్ ఉంటుంది. గనిలో టాయిలెట్, పైన బట్టలు మార్చుకునే గది సరిగా లేని చోట్లు ఉంటాయి. ఆఫర్ చేతికి రాగానే మొహమాటం లేకుండా ఇవన్నీ అడగండి. ఉద్యోగ నోటిఫికేషన్లలో ముందుగా అర్హతల పేజీ చదవండి, మహిళలు అర్హులో కాదో అక్కడే ఉంటుంది. గేట్‌లో మైనింగ్‌కు విడిగా పేపరుంది, ప్రభుత్వ సంస్థల్లో చేరడానికీ ఎంటెక్‌కూ అది ఉపయోగపడుతుంది.

కొత్తగూడెం కాకుండా ధన్‌బాద్, ఖరగ్‌పూర్, వారణాసి ఐఐటీల్లో, సూరత్కల్, రూర్కెలా ఎన్‌ఐటీల్లో మైనింగ్ ఉంది. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు ఇస్తున్నారు. ఈ సీట్లు కేటాయించే జోసా జాబితాలో వారి క్లోజింగ్ ర్యాంకులు విడిగా ఉంటాయి, వాటినే చూసుకోండి. మొత్తం జాబితా చూసి భయపడి వదిలేయకండి.

మీ ఇంట్లో గానీ వాడలో గానీ బాయిలో పనిచేసినవారు ఉంటే, ఆప్షన్లు ఫ్రీజ్ చేసేముందు ఒక సాయంత్రం వాళ్లతో కూర్చోండి. గని గురించి వాళ్లకు తెలిసినంత ఏ కౌన్సెలర్‌కూ తెలియదు.