సైనిక ఆఫీసు ఎవరి డబ్బుతో నడుస్తుంది?

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. దాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. ఆ ఊరి మగవాళ్ళు తరతరాలుగా పటాలంలో చేరుతున్నారు. తాత వెళ్ళాడు. తండ్రి వెళ్ళాడు. కొడుకూ వెళ్ళాడు.

మాధవరం ఒక్కటే కాదు. తెలుగు నేల మీద చాలా ఊళ్ళలో సిపాయిల ఇళ్ళు ఉన్నాయి. సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చినవాళ్ళను మాజీ సైనికులు అంటారు.

సిపాయి సరిహద్దులో ఉన్నన్నాళ్ళూ ఇల్లు నడిపింది ఎవరు? అతని భార్య. పొలం పనులు చూసింది. పిల్లల్ని పెంచింది. అత్తమామలకు సేవ చేసింది. అన్నీ చేసింది కానీ, మిలటరీ కాగితాలు మాత్రం విప్పి చూడలేదు. అవి ట్రంకుపెట్టె అడుగున ఉండిపోయాయి. "అవి ఆయన చూసుకుంటారులే" అనుకుంది.

ఆ కాగితాల్లో ఆమె హక్కు కూడా ఉంది. ఆ హక్కు అందేలా చూడడానికి ఒక ప్రభుత్వ ఆఫీసు ఉంది. ఆ ఆఫీసు గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఏమిటీ ఆఫీసు?

దీని పేరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. తెలంగాణలో ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం అని కూడా అంటారు. పల్లెల్లో మాత్రం అందరూ సైనిక ఆఫీసు అనే అంటారు.

జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరు అధ్యక్షులు. ఆఫీసు పనులు చూసేది సైనిక సంక్షేమ అధికారి. సాధారణంగా ఆయన కూడా సైన్యంలో పనిచేసి వచ్చినవారే. అందువల్ల సిపాయి కాగితాలు ఆయనకు బాగా తెలుసు.

దేశం మొత్తం మీద ఇలాంటి జిల్లా ఆఫీసులు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. రాష్ట్రంలో వీటికి పైన సైనిక సంక్షేమ శాఖ ఉంది. ఢిల్లీలో కేంద్రీయ సైనిక బోర్డు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలమంది భారత సిపాయిలు పోరాడారు. ఆ యుద్ధం తరువాత 1919లో ఇలాంటి బోర్డు మొదలైంది.

ఈ ఆఫీసు ఏం చేస్తుంది? మాజీ సైనికులకూ, చనిపోయిన సైనికుల భార్యలకూ గుర్తింపు కార్డులు ఇస్తుంది. పింఛను రాకపోతే ఎవరికి రాయాలో చెప్పి, అర్జీ రాయించి పంపిస్తుంది. పిల్లల చదువుకు కావలసిన సర్టిఫికెట్లు ఇస్తుంది. సాయం కోరే దరఖాస్తులను పరిశీలించి పైకి పంపిస్తుంది.

ఈ పనులకు ఫీజు లేదు. ఎవరికీ కమీషన్ ఇవ్వనక్కర లేదు.

ఒక పేరు, రెండు కాగితాలు

ఇలా జరిగిందనుకుందాం. ఒక ఊళ్ళో సత్యవతి అనే ఆమె ఉంది. ఆమె భర్త ఫిరంగి దళంలో పనిచేశాడు. పింఛనుతో ఇంటికి వచ్చాడు. కొన్నేళ్ళకు చనిపోయాడు. ఆయన పింఛను ఆగిపోయింది.

భర్త పోయాక భార్యకు కుటుంబ పింఛను రావాలి. ఆరు నెలలైనా సత్యవతికి రాలేదు.

ఊళ్ళో ఒకతను వచ్చాడు. "ఢిల్లీలో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. ఇరవై వేలు ఇస్తే పని అయిపోతుంది" అన్నాడు. సత్యవతి చెవి దుద్దులు తాకట్టు పెడదామనుకుంది.

డ్వాక్రా సంఘంలో ఈ మాట తెలిసింది. పక్కింటామె అన్నది:

"ఆగు వదినా. మన డబ్బు మనకు రావడానికి ఎవరికో డబ్బు ఇవ్వడమేమిటి? ముందు జిల్లా ఆఫీసులో అడుగుదాం పద."

ఇద్దరూ బస్సెక్కారు. ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ సంచిలో వేసుకున్నారు. ఆఫీసు ముందు బోర్డు ఉంది. సత్యవతి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. "సైనిక సంక్షేమ కార్యాలయం. ఇదే వదినా" అంది.

లోపల గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

"అమ్మా, పింఛను ఆర్డరులో మీ పేరు సత్తెమ్మ అని ఉంది. ఆధార్ కార్డులో సత్యవతి అని ఉంది. పేర్లు కలవలేదు. అందుకే ఆగిపోయింది."

"రెండూ నేనే బాబూ. పుట్టింట్లో సత్యవతి. అత్తగారింట్లో అందరూ సత్తెమ్మ అనేవాళ్ళు. ఆయన అదే రాయించినట్టున్నారు."

"మీరేనని మాకు తెలుస్తూనే ఉంది. కాగితానికి తెలియాలి కదమ్మా."

రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ రాయించాలని అతను చెప్పాడు. దానికి ఏ కాగితాలు జతచెయ్యాలో చీటీ మీద రాసిచ్చాడు. అవన్నీ తెచ్చాక ఆఫీసువాళ్ళు అర్జీ తయారుచేశారు. ఆ అర్జీ నాసిక్‌కు వెళ్ళింది. ఫిరంగి దళం వాళ్ళ రికార్డు ఆఫీసు అక్కడే ఉంది.

కొన్ని నెలలు పట్టింది. సత్యవతి మధ్యలో రెండుసార్లు వెళ్ళి అడిగింది. చివరికి పింఛను వచ్చింది. భర్త చనిపోయిన మర్నాటి నుంచి రావలసిన బకాయి కూడా బ్యాంకులో పడింది. చెవి దుద్దులు చెవులకే ఉన్నాయి.

ఆలోచించండి. జిల్లాలో ఆ ఆఫీసు లేకపోతే సత్యవతి ఏం చేసేది? నాసిక్ మహారాష్ట్రలో ఉంది. అక్కడి భాష వేరు. ఎవరిని అడగాలో తెలియదు. ఇరవై వేలు ఇచ్చేది. లేకపోతే పింఛను మీద ఆశ వదులుకునేది.

ఎవరి డబ్బు ఇది?

ఆఫీసు నడవాలంటే డబ్బు కావాలి. అధికారికి జీతం ఇవ్వాలి. గుమాస్తాకు జీతం ఇవ్వాలి. కరెంటు బిల్లు కట్టాలి. కాగితాలు, కంప్యూటరు కొనాలి.

ఈ ఖర్చును రెండు ప్రభుత్వాలు పంచుకుంటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో 100 రూపాయల ఖర్చులో 60 రూపాయలు కేంద్ర ప్రభుత్వం వాటా. 40 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వం వాటా. ఈశాన్య రాష్ట్రాలు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ వంటి చోట్ల కేంద్రం 75 రూపాయలు ఇస్తుంది. రాష్ట్రం 25 రూపాయలు ఇస్తుంది.

ఎందుకు పంచుకోవాలి? సిపాయి కాపలా కాసింది దేశమంతటికీ. అందుకని కేంద్రం ఇస్తుంది. సిపాయి కుటుంబం బతికేది మన ఊళ్ళో. వాళ్ళ మంచిచెడ్డలు చూడవలసింది రాష్ట్రం. అందుకని రాష్ట్రమూ ఇస్తుంది. ఆఫీసు మీద అజమాయిషీ రాష్ట్ర ప్రభుత్వానిదే.

మరి ప్రభుత్వాలకు డబ్బు ఎక్కడిది? మనం కట్టే పన్నులే. సబ్బు కొంటే పన్ను ఉంది. చెప్పులు కొంటే పన్ను ఉంది. సెల్‌ఫోను రీచార్జి చేయిస్తే పన్ను ఉంది. కూలికి వెళ్ళే ఆమె కూడా పన్ను కడుతూనే ఉంది.

అంటే, ఆ ఆఫీసులో కుర్చీ మన డబ్బుతో కొన్నది. అక్కడికి వెళ్ళి అడిగితే ఎవరినో దేబిరించినట్టు కాదు.

హక్కు వేరు, సాయం వేరు

ఈ రెంటికీ తేడా తెలుసుకోవాలి.

పింఛను హక్కు. సిపాయి చేసిన సేవకు అది ప్రతిఫలం. సాధారణంగా సిపాయికి పింఛను రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. అతను పోయాక భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. మామూలుగా అది ఆఖరి జీతంలో నూటికి 30 వంతులు. 2016 నుంచి ఇది నెలకు 9,000 రూపాయలకు తగ్గకూడదని నియమం ఉంది. దానిమీద కరువు భత్యం కూడా ఉంటుంది.

కొందరు సిపాయిలు పింఛను లేకుండానే ఇంటికి వచ్చారు. ముసలితనంలో వాళ్ళకూ, వాళ్ళ భార్యలకూ ఆధారం ఉండదు. అలాంటివాళ్ళకు సాయం చెయ్యడానికి ఒక నిధి ఉంది. దాని పేరు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి.

ఏటా డిసెంబరు 7న పతాక దినోత్సవం చేస్తారు. 1949 నుంచి ఇది జరుగుతోంది. ఆ రోజుల్లో బడిపిల్లలు చిన్న చిన్న జెండాలు పంచి చందాలు పోగుచేస్తారు. ఆ చందాలు ఈ నిధికి చేరుతాయి.

2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు కేంద్రం ఈ సాయాలను రెట్టింపు చేసింది. హవల్దారు స్థాయి వరకు ఉన్నవాళ్ళకు ఇవి వర్తిస్తాయి.

పింఛను లేక, వేరే ఆదాయం లేక, 65 ఏళ్ళు దాటిన మాజీ సైనికుడికి, లేదా చనిపోయిన సైనికుడి భార్యకు: నెలకు 8,000 రూపాయలు. అంతకు ముందు ఇది 4,000.

పిల్లల చదువుకు: ఒక్కొక్కరికి నెలకు 2,000 రూపాయలు. ఇద్దరు పిల్లల వరకు ఇస్తారు. అంతకు ముందు ఇది 1,000.

ఆడపిల్ల పెళ్ళికి: 1,00,000 రూపాయలు. ఇద్దరు కూతుళ్ళ వరకు ఇస్తారు. అంతకు ముందు ఇది 50,000.

ఈ సాయాలకు షరతులు ఉంటాయి. గడువులు ఉంటాయి. దరఖాస్తు కంప్యూటరులో పెట్టాలి. దాన్ని పరిశీలించేది మన జిల్లా సైనిక ఆఫీసే. కనుక ఆలస్యం చెయ్యకుండా అక్కడ అడగాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఢిల్లీలో సాయం రెట్టింపు చేస్తే చాలదు. అది ఊరికి చేరాలి. జిల్లాలో కాగితం చూసే మనిషి లేకపోతే ఆ డబ్బు ఢిల్లీలోనే ఉండిపోతుంది.

కుర్చీ ఖాళీగా ఉంటే?

తెలంగాణలో 2016 వరకు 10 జిల్లాలు ఉండేవి. ఇప్పుడు 33 ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వరకు 13 జిల్లాలు ఉండేవి. ఆ సంవత్సరం 26 అయ్యాయి. జిల్లాలు పెరిగినంత వేగంగా సైనిక ఆఫీసులు పెరగలేదు. కొన్నిచోట్ల ఒక్క ఆఫీసే రెండు మూడు జిల్లాలను చూస్తుంది.

అధికారి రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. కొత్తవారిని వెయ్యకపోతే పక్క జిల్లా అధికారికి అదనపు బాధ్యత ఇస్తారు. ఆయన వారానికి ఎన్ని రోజులు రాగలరు? పల్లె నుంచి వచ్చిన ముసలామె బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చి, వట్టి చేతులతో తిరిగి వెళుతుంది.

అప్పుడు ఏం చెయ్యాలి? కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. జిల్లా బోర్డుకు అధ్యక్షులు కలెక్టరే కదా. నలుగురూ కలిసి సంతకాలు చేసి అర్జీ ఇవ్వవచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగవచ్చు. "మా సైనిక ఆఫీసులో ఎన్ని పోస్టులు ఉన్నాయి? ఎన్ని ఖాళీగా ఉన్నాయి?" అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నిన్నటి వరకు వేలిముద్ర వేసిన చేయి ఈ అర్జీ మీద సంతకం చెయ్యగలదు.

ఇప్పుడే చూసుకోండి

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ మాజీ సైనికుడు ఉన్నారా? ఆయన ఉండగానే భార్య ఈ పనులు చూసుకోవాలి. ఇది అపశకునం కాదు. ముందుచూపు.

1. డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోండి. వాటిని ఒకేచోట దాచండి.

2. వాటిలో మీ పేరు ఉందా? చదవండి. ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన తేదీ కూడా చూడండి.

3. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాయించారా? లేకపోతే రాయించండి.

4. సర్వీసు నంబరు నోట్‌బుక్కులో రాసుకోండి. ఏ ఉత్తరంలోనైనా మొదట అడిగేది అదే.

5. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీద ఉందా? చూడండి.

6. పింఛను తీసుకునేవారు ఏటా ఒకసారి బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ నెల మరిచిపోకండి.

7. కాగితాలకు జెరాక్సు తీయించి ఇవ్వండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇచ్చి రాకండి.

చదవండి
సైనికుడు. సంక్షేమం. కార్యాలయం. కుటుంబ పింఛను. ధ్రువపత్రం. దరఖాస్తు. వాటా. బకాయి.

లెక్క చెయ్యండి
ఒక సైనిక ఆఫీసుకు ఏడాదికి 10 లక్షల రూపాయలు ఖర్చయిందనుకోండి. కేంద్రం వాటా ఎంత? రాష్ట్రం వాటా ఎంత?

మాట్లాడుకోండి
1. భార్య పేరు కాగితంలో తప్పుగా పడితే ఎవరికి నష్టం?
2. ఉచితంగా జరిగే పనికి మనం డబ్బు ఎందుకు ఇస్తున్నాం?
3. మీ ఊరి నుంచి సైనిక ఆఫీసుకు ఎంత దూరం? వెళ్ళి రావడానికి ఎంత ఖర్చు?
4. మీ ఊళ్ళో పింఛను లేని మాజీ సైనికులు గానీ, వాళ్ళ భార్యలు గానీ ఉన్నారా? వాళ్ళకు ఈ పాఠం ఎవరు చదివి వినిపిస్తారు?

రాయండి
మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టుగా మూడుసార్లు రాయండి. తరువాత బ్యాంకు పాస్‌బుక్కు తీసి, అందులోని పేరుతో సరిపోల్చండి.